సున్నా అక్క

తెల్లటి గది. బల్ల మీద రక్తం పరీక్షించే యంత్రం, అందులో పెట్టే గోరంత గాజుబిళ్ళ, దాని పక్కన సూది. పరిశోధన చేసే అమ్మాయి, ఆమె పెద్దసారు.

"తలుపు వెయ్యి ముందు. తర్వాత అరుద్దువుగాని."

"అరవట్లేదు సార్. కాగితం చూడండి. సున్నా అక్క రక్తం బయట ఆస్పత్రిలో చూపించా."

"ఎవరిని అడిగి?"

"తెల్లకణాలు సార్. ఉండాల్సిన దానికి ఆరింతలు. రక్తక్యాన్సర్ అంటున్నారు."

"ఎవరిని అడిగి చూపించావ్ అంటున్నా."

"ఆవిణ్ణే అడిగా. గాజుసామాను కడిగే మనిషి, రెండేళ్లుగా రోజూ పొద్దున్నే వేలు చాపి చుక్క ఇస్తోంది. ఆ చుక్కనే ఆరోగ్యం అనుకుని యంత్రానికి సున్నా పెట్టాం కదా? అందుకే కదా ఆ పేరు?"

"గుండ్రాయిలాంటి మనిషి. ఒక్క సెలవు పెట్టలేదు. అంతకంటే ఆరోగ్యం ఎక్కడ దొరుకుతుంది?"

"సెలవు పెడితే తీసేస్తారని పెట్టలేదు సార్. దాన్ని మనం ఆరోగ్యం అని రాసుకున్నాం."

"ఉపన్యాసాలు వద్దు."

"మొదటి రోజు గుర్తుందా? ఆవిడ చుక్క ఈ బిళ్ళలో వెంట్రుకంత కాలవలోకి దిగిందో లేదో, వెలుగు కొట్టి కణాలు లెక్కపెట్టామో లేదో, ఎర్రదీపం. మీరేమన్నారు? లెన్స్ మురికి అన్నారు. తుడిచాం. మళ్లీ ఎరుపే. యంత్రానికి పొగరు, ఎరుపు వెలిగే హద్దు గీత జరుపు అన్నారు. జరిపాక పచ్చదీపం. చప్పట్లు కొట్టుకున్నాం! యంత్రం నిజమే చెప్పింది సార్. మనమే దాని నోరు నొక్కాం."

"గీత ఎవరు జరిపారు?"

"మీరు చెప్తే..."

"ఎవరు జరిపారు?"

"నేనే."

"ఆఁ. నీ చేత్తో."

"మొన్న ఆవిడే అంది, నాలుగు ముద్దలకే కడుపు బిగుసుకుపోతోందని. మీరు నవ్వారు."

"నాజూగ్గా అవుతావ్‌లే అన్నా. సరదాకి."

"సరదానా? ఇప్పుడు మొదలెడితే మాత్రలతో దారికొస్తుందట. ముదిరితే మాత్రలకి లొంగదట. ఇవాళే చెప్పేస్తా."

"చెప్పు. చెప్పాక? గురువారం యంత్రానికి అనుమతిచ్చే తనిఖీవాళ్లు వస్తారు. సున్నా ఎవరని అడుగుతారు. మంచం పట్టాల్సిన మనిషే మా ఆరోగ్యానికి కొలత అంటావా? ఈ బిళ్ళతో చూసి, మీకేం లేదు పొమ్మని పంపిన నాలుగొందల మంది మాటేంటి? ఇంటింటికీ పోయి తలుపు కొడతావా?"

"కొట్టాలి సార్."

"ముందు మీ ఇంటి తలుపు కొట్టు. ఆరేళ్ల చదువు బూడిదైందని మీ అమ్మకి చెప్పు. గీత జరిపినట్టు రాసిన పుస్తకంలో సంతకం నీది. నాది లేదు. పోయి చూసుకో."

"సార్..."

"పరిశోధన పేపర్‌లో మొదటి పేరు నీదే వేద్దామనుకున్నా. నా పేరు వెనక్కి జరిపి మరీ. ఎందుకులే."

"నన్నేం చెయ్యమంటారు సార్?"

"ఒక్క నెల. అనుమతి చేతికి రానీ. ఆ తర్వాత నేనే దగ్గరుండి ఆస్పత్రిలో చేర్పిస్తా."

"నెలంటే నెలేనా?"

"నెలే. మహా అయితే రెండు."

"రెండు నెలల్లో ముదిరితే?"

"రెండేళ్లు ఆగింది, రెండు నెలలు ఆగదా? ఆ కాగితం ఇటివ్వు."

"ఇది ఆవిడది సార్."

"ఇటివ్వమ్మా."

"తీసుకోండి."

"సార్, సున్నానండీ. లోపలికి రావచ్చా? సామాను కడగడం ఎప్పుడో అయింది. మెట్లెక్కుతుంటే ఆయాసమొచ్చి కాస్త కూర్చున్నా."

"రా, రా. నీ కోసమే చూస్తున్నాం. ఇవాళ చిన్నమేడం తీస్తుంది చుక్క."

"అదేంటమ్మా, మొహం అలా వాడిపోయింది? తిన్నావా? మొన్న ఆస్పత్రిలో చూపిస్తానని పట్టుకెళ్లావే నా రక్తం, ఏమైనా ఉందన్నారా? డాక్టర్ల మాట నాకెక్కడ అర్థమవుద్ది గానీ, నువ్వు చెప్తే నమ్ముతా."

"నీకేముంటుందక్కా? సున్నా. ఏ వేలిస్తావ్?"