తెడ్డుకి కొంగుముడి

కాసులమ్మని ఒకావిడుండేదంట, మన లంకలోనే. ఎప్పటి మాటనుకున్నారు, కోరంగి పెద్ద ఓడల రేవుగా ఉన్నప్పటి మాట. ఇప్పుడెల్తే ఏవుందక్కడ, మడచెట్లూ బురదా పీతలూ తప్ప! అప్పుడలా కాదు, సముద్రం అవతల బర్మాని రంగం అనేవోరు, ఆ రంగం ఎల్లాలన్నా, రంగం నించి రావాలన్నా అక్కడే ఓడెక్కాలి, అక్కడే దిగాలి. ఈ కాసులమ్మ మొగుడు గవరయ్య మన రేవులో పడవ నడుపుకునేవోడు. హాయిగా ఉన్నోడు ఉండొచ్చుగా, ఉండడు. రంగం ఎల్లే ఓడలో పనికి కుదిరేడు. ఎల్లే రోజున పెళ్లాం ఏడుస్తా కూచుంటే తన తెడ్డు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, ఇదుగో కాసులూ, దీన్ని జాగర్తగా చూస్తా ఉండు, నేనొచ్చేక మళ్లీ ఇదే పట్టుకుంటాను అన్నాడంట. ఆ తెడ్డు ఓసారి బీటిస్తే ఆడే ఇనప పట్టీ ఏసి మేకులు కొట్టుకున్నాడు. అదంటే ఆడికి ప్రాణం. సరే, ఎల్లేడు. ఎల్లినోడు ఎల్లినట్టే ఉన్నాడు. కొన్నాళ్లకి ఏవైందంటే, ఆ ఓడ మునిగిపోయిందని కబురొచ్చింది. ఓడ మునిగిందన్నారేగానీ ఆడు మునిగేడో తేలేడో చెప్పేవోడు లేడు. ఆ దిగులుతో గవరయ్య తండ్రి మంచవెక్కేడు, ఇంక దిగలేదు. ఎవరో దాయాదులొచ్చి దినవారాలు చేసేరు. ఇంట్లో మిగిలిందెవరూ అంటే అత్తా, కోడలూ, మూలన తెడ్డూ.

అలా ఏడెనిమిదేళ్లు గడిచేయనుకో. కాసులమ్మ బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. ఆ తెడ్డుకి చేపనూనె రాసి, తుడిచి, మళ్లీ మూలన నించోబెట్టేది. ఊళ్లో అమ్మలక్కలు ఊరుకుంటారా? ఈవిణ్ణి పేరంటానికి పిలవాలా ఒద్దా తెలీక సావొస్తందే అని గుసగుసలు. పిలిస్తే ఒక బాధ, పిలవకపోతే ఇంకో బాధ. నవ్వుతావేటే మంగా, నువ్వూ ఆ కాలంలో ఉంటే అదే అందువు! అత్త బంగారమ్మ మాత్రం కోడల్ని పల్లెత్తు మాటనేది కాదు. అలాంటావిడ ఒకనాడు పొద్దున్నే లేచి గోలు గోలున ఏడ్చిందంట. ఏవైందత్తా అంటే, ఒసే కాసులూ, ఆడు కల్లోకొచ్చేడే. గుమ్మం బయటే నించుని అమ్మా దాహం అన్నాడే. లోపలికి రారా నాయనా అంటే రాలేదే. బతికున్నోడైతే ఇంటి గుమ్మం తొక్కడా? ఆడికి నీళ్లొదిలే దిక్కు లేక అలా తిరుగుతున్నాడే నా కొడుకు, చొల్లంగి అమావాస్య వస్తంది, ఎల్దాం పద అంది.

చొల్లంగి అంటే తెలుసుగా, కోరంగి పక్కనే. గోదారి ఏడు పాయలయ్యి ఏడు చోట్ల సముద్రంలో కలుస్తాది, ఆ ఏడిట్లోనూ మునగాలనుకున్నోళ్లు అక్కడ మొదలెట్టి అంతర్వేది దాకా ఎల్తారు. ఆ మొదటి సంగమంలో గవరయ్య పేర పంతులుగారి చేత నువ్వులూ నీళ్లూ ఒదిలించి, కోడలి గాజులు తీసేసి, ఆ పుణ్యం కొడుక్కి చెందేలా మిగతా ఆరూ మునగాలని అత్త మొక్కు. కాసులమ్మ గాజుల చేతులు కొంగు కింద దాచుకుంది. మొగుడు బతికే ఉన్నాడని ఆవిడికి నమ్మకం. ఎలాగే అంటే చెప్పలేదు, అదంతే. కానీ అత్త మొహం చూస్తే కాదనలేకపోయింది. ఆఖరికి, అత్తా, నీ కొడుకు దాహానికి నేనడ్డు రాను, ఒక్కటి మాత్రం అడుగుతాను, ముందు ఒక్క మునక ముత్తైదువులా, నా మొగుడితో కొంగుముడేసుకుని మునుగుతాను, ఆ తర్వాత నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను అందంట. మొగుడేడే, ఎవరితో ఏసుకుంటావే ముడి అంది అత్త. ఇదుగో అని ఈవిడ మూలనున్న తెడ్డు తీసి చూపించింది. చూసేరా! నేనైతే మా ఆయన బదులు చుట్టకి ముడేసుకోవాలి, ఇంకేవీ ముట్టుకుని ఎరగడు.

అలా అత్తా కోడలూ నువ్వుల మూటా, దారిలోకి అటుకులూ బెల్లం మూటా కట్టుకుని, తెడ్డేసుకుని, పడవెక్కి కోరంగి చేరేరు. అబ్బో, ఆ రేవూ ఆ జనం! ఇటు ఓడలు కట్టేవోళ్ల సుత్తి దెబ్బలు, అటు తారు వాసన, కొయ్యల మీద ఆరేసిన తెరచాపలు, ఏవేవో బాసలు మాట్లాడే మనుషులు. బంగారమ్మ సత్రం అరుగు మీద కూలబడింది. కాసులమ్మ కూచోదుగా. తెడ్డు భుజానేసుకుని ఓడ దిగినోడల్లా దిగినట్టే అడగడవే. బాబూ, గవరయ్యని, మా లంకోడు, రంగం ఎల్లేడు, ఎరుగుదువా? ఎరగనమ్మా. అన్నా, గవరయ్యని... ఎరగనమ్మా. పొద్దుగూకేదాకా అదే అడగడం, అదే చెప్పించుకోడం. ఒకాయనైతే తెడ్డమ్ముతావా అనడిగేడంట పాపం. తిరిగొచ్చి అత్త పక్కన కూచుంటే ఆ ముసిలావిడ కోడలి గాజుల చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని నిమురుతా ఉండిపోయింది. తనకి పోయినయ్యేగా అయ్యి, ఆ బాధ తెలీదా ఆవిడికి?

తెల్లారి అమావాస్య. చొల్లంగిలో ఇసకేస్తే రాలనంత జనం. నీళ్లు చూస్తే మంచు. కాసులమ్మ పసుపు రాసుకుని, ఇంత బొట్టు పెట్టుకుని, పంతులుగారి ముందుకెల్లి తెడ్డు నించోబెట్టి, అయ్యా, కొంగుముడెయ్యండి అంది. ఆయన బిత్తరపోయేడు. అమ్మా, తెడ్డుకి ముడెయ్యవని శాస్త్రంలో లేదే అన్నాడు. మరి రాజుగారు ఊళ్లో లేకపోతే ఆయన కత్తిని పీటల మీద పెట్టి పెళ్లి చేసేస్తారు కదండీ, కత్తుందేటండి శాస్త్రంలో, ఆళ్లకి కత్తెంతో మాకు తెడ్డంత అందంట. పంతులుగారు కొంగందుకుని, నీతో వాదించేకంటే ముడెయ్యడం తేలికమ్మా అని వేసేడు. చుట్టూ జనం నవ్వే నవ్వు! తెడ్డుకి ముడేసుకుందర్రోయ్, దానికి పట్టుపంచె కట్టండ్రా అని ఒకటే గోల. ఈవిడ తలొంచుకుని నడుంలోతుకి దిగింది. అప్పుడేవైందంటే, పోటు తిరిగి నీరు సముద్రం వైపు లాగుతా ఉంది. కర్ర తేలింది, చీరకొంగుతో సహా ఈవిణ్ణీ లాగింది. ఒడిసి పడదావంటే కాలు బురదలో జారింది. ముడి ఇప్పుకుంటే బతుకుద్ది. ఇప్పుద్దా? ఇప్పదు. మునిగింది, తేలింది, మళ్లీ మునిగింది. ఒడ్డు మీద అత్త కేకలు.

యాత్రికుల్ని దాటించే పడవోడొకడు, గడ్డం మాసినోడు, ఈ నవ్వులు విని అప్పటికే ఇటు చూస్తున్నాడంట. చూస్తే ముందు తెడ్డు కనపడింది, తెడ్డు మీద ఇనప పట్టీ కనపడింది, ఆ తర్వాత గాజులున్న చేతులు కనపడ్డాయి. అంతే, గడకర్ర పారేసి దూకేడు. ఒక చేత్తో తెడ్డునీ, ఒక చేత్తో మనిషినీ పట్టేడు. కాసులమ్మ కళ్లలో నీళ్లు, నోట్లో నీళ్లు, ఏవీ కనపడదు. ఎవడో తెడ్డు లాక్కుంటున్నాడనుకుని, ఒదలరా, అది నా మొగుడిది ఒదలరా అని గోళ్లతో రక్కేస్తంది. ఆడు అరిచేడు కదా, కాసులూ, నేనే, గవరయ్యనే, రక్కకే!

ఒడ్డుకి లాక్కొచ్చేడు. బంగారమ్మ కొడుకుని చూసి పరిగెత్తుకొస్తా ఉంటే ఆడు రెండు చేతులూ అడ్డంపెట్టి ఎనక్కి నడుస్తున్నాడంట. అమ్మా, దగ్గిరికి రాకే, నాకు దినం చేసేసేరుగా, దినం అయిపోయినోడు ఇంటోళ్లని ముట్టుకుంటే ఇంకొకరు పోతారుగా అంటాడు. మనలో ఆ పట్టింపొకటి ఉందిగా. ఎవడ్రా నీకు దినం చేసింది అంది ఆవిడ. సంగతేటంటే, ఓడ మునిగితే ఈడు చెక్క పట్టుకుని ఎక్కడో తేలి, అక్కడా ఇక్కడా పనులు చేసుకుని, కిందటేడు కోరంగిలో దిగేడు. దిగగానే మనవైపు ఇటుకల పడవోడొకడు కనపడ్డాడు. ఆడికి నోట్లో నువ్వుగింజ నానదు. గవరయ్యా, నువ్వు బతికే ఉన్నావేట్రా, అప్పట్లో మీ ఇంటి ముందు పందిరీ, పదకొండో రోజు భోజనాలూ ఏట్లోంచి నా కళ్లారా చూసేనురా, కోరంగి ఓడ మునిగిందిగా, ఆ దినం నీదే అనుకున్నాం అన్నాడు. ఈడు నమ్మేసేడు. తను గుమ్మం తొక్కితే తల్లికో పెళ్లానికో చేటని ఇటే ఉండిపోయేడు. గాజుల్లేని చేతుల్తో పెళ్లాన్ని చూళ్లేక లంక మనుషులెవరైనా కనపడితే మొహానికి తువ్వాలు కప్పుకునేవోడంట. ఇంట్లోవాళ్లేవో ఈడు పోయేడని ఏడుస్తున్నారు, ఈడేవో నన్ను పోగొట్టేసేరని ఏడుస్తున్నాడు. మధ్యన ఒక్క పూట ప్రయాణం. ఏవనాలి చెప్పండి!

ఒరే ఎర్రి నాగన్నా, ఆ భోజనాలు నీకు కాదురా, మీ నాన్నకిరా అంది బంగారమ్మ. అప్పుడు తెలిసిందంట ఆడికి తండ్రి పోయిన సంగతి. ఆ బురదలోనే కూలబడి చిన్నపిల్లాళ్లా ఏడ్చేడు. తల్లి ఆడి తల తన పొట్టకి హత్తుకుంది. ఇంక అడ్డు చేతులు పెట్టలేదు. ఏడుపైనాక, గుండెల మీంచి బరువు దిగినట్టయ్యి, ముగ్గురూ ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వేరంట. నవ్వరూ మరి!

నువ్వుల మూట ఒకటుందిగా, అదేవైందని అడగరేం? సగం తీసి గవరయ్యే పంతులుగారి ముందు కూచుని తండ్రికి నీళ్లొదిలేడు, దాయాదులు చేసింది దాయాదులదే, కొడుకు చేసింది కొడుకుదే. మిగతా సగం బంగారమ్మ సత్రంలో రోలడిగి తెచ్చుకుని, దారికి తెచ్చుకున్న బెల్లం కలిపి చిమ్మిలి దంచింది. ఆడికి చిన్నప్పట్నించీ అదంటే ఇష్టం. ఎవరికి ఒదులుదావని తెచ్చిందో ఆ నువ్వులు ఆడి నోట్లోనే పెట్టి, తిను నాయనా అందంట.

ఆ తర్వాత మిగతా ఆరూ కూడా మునిగేరు. మునిగినప్పుడల్లా కాసులమ్మ ఏం చేసిందంటే, పమిటకొంగు మొగుడి పంచెకి ముడేసి, మళ్లీ ఆ కొంగే తెడ్డుకీ ముడేసింది. గవరయ్యకి సిగ్గేసి, నేనొచ్చేసేనుగా, ఇంకా ఆ కర్రెందుకే, జనం నవ్వుతున్నారు అన్నాడంట. నవ్వనీ మావా, నువ్వోసారి ఎల్లిపోయేవు, ఇది ఒక్కసారీ ఎల్లలేదు అందంట. అనదా మరి! అదమ్మా కోరంగి రేవు కథ. మీ మొగుళ్లు రేపు ఏ ఊరెల్తానన్నా ఎల్లనివ్వండి, ముందు మూలన నించోబెట్టేదేదో చేతికిచ్చి ఎల్లమనండి.