జీపు వెనక ఇరుసు

మే నెల మధ్యాహ్నం, నూజివీడులో ఆగిరిపల్లి రోడ్డు మీద మెకానిక్ పరదేశి షెడ్డు. చలపతి తన మామిడితోట జీపును బాగుచేయించేది ఇక్కడే. అతని తల్లి సుభద్రమ్మ గొడుగు ముడిచి బల్ల మీద కూర్చుంది.

"అంటే నువ్వు చెప్పలేదన్నమాట."

"చెప్పానండి సుభద్రమ్మగారూ. సోమవారం మీరు చెప్పమన్నట్టే మర్నాడు చెప్పాను. వెనక ఇరుసు బీటిచ్చింది, కోతలయ్యేదాకా జీపు తియ్యొద్దని."

"నేను నేర్పిన అబద్ధం నాకే అప్పజెబుతావేంటి? వాడేమన్నాడో చెప్పు."

"చెప్తానండి. ముందు ఇంకో మాట వినండి. ఆ ఇరుసు సంగతి ఏదో ఒకటి తేల్చాలి. రెండు దార్లున్నాయి. ఉన్నదానికే కింద ఇనప పట్టీ పెట్టి వెల్డింగు చేయించడం ఒకటి. లేదంటే దాన్ని తీసేసి లావుది వేయడం. బెజవాడ ఆటోనగర్లో పాత మిలటరీ బండ్లవి దొరుకుతాయి."

"ఇదెప్పుడు మొదలైంది? చిన్న రసాలు గంపెడు పంపించి ఒక్క అబద్ధం ఆడమన్నాను. దాంతోపాటు సామాను కూడా అంటగడుతున్నావా?"

"అంటగట్టడం కాదండి, అసలు..."

"చలపతి చెప్పమన్నాడా? నిజం చెప్పు. లావు ఇరుసు కావాలని వాడే అడిగుంటాడు. మా అమ్మని ఎలాగోలా ఒప్పించు పరదేశీ అని ఉంటాడు."

"చలపతిబాబు అడగలేదండి. ఆయన అసలు ఇరుసు ఊసే ఎత్తొద్దంటున్నారు."

"మరి మధ్యలో నీకెందుకు? కంపెనీవాడు తెలివితక్కువవాడా? ఆ బండి ఎంత మోస్తుందో చూసుకుని అంత ఇరుసు వేశాడు. లావుది వేస్తే మావాడు ఊరుకుంటాడా? ట్రైలరులో ఇరవై గంపలు వేసేవాడు నలభై వేస్తాడు. వాగు దగ్గర ఆగి నీళ్లెంతున్నాయో చూసేవాడు, ఇక చూడకుండానే దింపేస్తాడు. పట్టీ వేసినా అంతే. పట్టీ ఉంది కదా అని ధీమా. బండి కాస్త బలహీనంగా ఉంటేనే మనిషికి కాస్త భయం ఉంటుంది."

"మామూలప్పుడైతే నేనూ మీ మాటే అనేవాణ్ణండి."

"ఇప్పుడు మామూలు కానిదేముంది? ఆ పానా కింద పెట్టు. నా మొహం చూసి చెప్పు."

"నిన్న చక్రాలు విప్పి గ్రీజు పెడుతూ, ఇరుసు గొట్టం మీది మడ్డి కిరసనాయిలుతో కడిగానండి. కడిగితే గీత కనపడింది. వెంట్రుకంత సన్నం. గోరు పెడితే తగులుతోంది."

"ఆపు. ఈ నాటకం వాడి దగ్గర ఆడమన్నాను, నా దగ్గర కాదు."

"నాటకం కాదండి."

"సోమవారం నేను అబద్ధం చెప్పమంటే గురువారానికి అదే నిజమై కూర్చుందా? ఎవరు నమ్ముతారయ్యా?"

"ఎవరూ నమ్మరండి. అదే కదండీ నా ఏడుపు."

"ఒట్టు వెయ్యి."

"మా కమల మీద ఒట్టండి."

"పిల్లల మీద వెయ్యకు. వెనక్కి తీసుకో ఆ ఒట్టు. దేవుడి మీద వెయ్యి."

"ఆంజనేయస్వామి మీద ఒట్టు. అది బీటేనండి. బరువు పడితే విరుగుతుంది. ఇవాళా, పదిరోజులకా అన్నది చెప్పలేను."

"నాకు తెలుసు. ఆ బండి ఇంటికి తెచ్చిన రోజే అనుకున్నాను ఇలాంటిదేదో వస్తుందని. మరి పట్టీ చాలదా?"

"బీట మీద పట్టీ వేస్తే బీట కనపడదు, అంతేనండి. పోదు."

"సరే, లావుదే వెయ్యి. నలభై కాదు, యాభై గంపలు వేసుకోనీ. ముందు ఆ గీత నాకు చూపించు. నా గోటికీ తగలాలి. పద, జీపెక్కడ?"

"ఇక్కడ లేదండి."

"వెనక రేకుల కింద ఉందనుకున్నాను. ఎక్కడికి పంపావు?"

"నేను పంపలేదండి. పొద్దున ఎనిమిదింటికి చలపతిబాబు వచ్చి తీసుకెళ్లారు. గుట్ట మీద తోటలో కోతంట, సాయంత్రానికి లారీ వస్తుందంట. కూలోళ్లు పదకొండు మంది."

"బీట సంగతి చెప్పకుండానే తాళం ఇచ్చావా?"

"చెప్పానండి. బండికి అడ్డం నిలబడి చెప్పాను. అమ్మ ఈసారి ఎన్ని గంపలు పంపింది అని నవ్వారండి."

"గంప సంగతి వాడికెలా తెలుసు?"

"మంగళవారం నేను చెప్పగానే ఆయన బండి కిందకి దూరి చూశారు. మడ్డి తప్ప ఏమీ కనపడలేదు. మా అమ్మ పనేనా అని అడిగారు. నేను నవ్వేశానండి. ఉన్నది చెప్పేశాను. ఇద్దరం నవ్వుకున్నాం. అసలు బీట ఆ మర్నాడు కదండీ దొరికింది."

"పదకొండు మందీ, వాడూ."

"ఎక్కేటప్పుడు ట్రైలరు ఖాళీ, ఫరవాలేదండి. కోత ముగిసేసరికి మూడవుతుంది. సరుకుతో, మనుషులతో గుట్ట దిగేటప్పుడే నా భయం."

"ఇప్పుడెంతయింది?"

"రెండు కావస్తోందండి."

"స్కూటరు తియ్యి. నేను చెబుతాను."

"మీరు చెబితే అస్సలు నమ్మరండి. కోప్పడకండి. పోయినేడు బోరు మోటారు పేలుతుందన్నారు, పేలలేదు. తోట కాపలా అప్పారావు దొంగన్నారు, కాదు. మీరు ఏడుస్తూ చెబితే ఆయన ఇంకా తొందరగా గేరు వేస్తారు."

"తెలుసు. ఏడవను. బీట మాటే ఎత్తను. జీపు బాగుంది నాయనా, నేనూ ఇందులోనే వస్తాను జరుగు అని నవ్వుతూ ఎక్కి కూర్చుంటాను. ఆరేళ్లలో ఒక్కసారి కూడా నేనందులో కాలు పెట్టలేదు. నాకు భయం లేదన్న రోజున వాడికి భయం వేస్తుంది. అప్పుడు దిగి కిందకి వంగి చూస్తాడు. ఆ గీత ఏ పక్కనుందో చెప్పు, నేను ఆ పక్కనే కూర్చుంటాను."