ఆల్సీడ్ గంబో గురించి ఎలోడీ అక్క రాసిన మాట

ఎవరి గురించీ, ఎలోడీ అక్క గురించా? ఆ పుస్తకం నీకెక్కడ దొరికింది అబ్బాయ్, అట్ట కూడా ఊడిపోయింది పాపం. కూచో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు రా. మన న్యూ ఆర్లీన్స్‌లో క్రియోల్ వంట ఎక్కడ బావుంటుంది, తిన్నాక పాట ఎక్కడ వినాలి అని అక్క రాసిన పుస్తకం అది. ఇప్పుడు దాన్ని పట్టుకుని బయల్దేరావంటే పస్తుంటావు. అందులో చోట్లు సగం వరదలో పోయాయి, మిగతావి వాటంతటవే పోయాయి. అక్క యూనివర్సిటీలో తిండి చరిత్ర చెప్పేది. అదేం చదువే అని మా అమ్మ అడిగితే, "ఎవరు ఎవరిచేత ఏం వండించుకున్నారో అదే పిన్నీ, ఊరి కథంతా అందులోనే ఉంది" అనేది. మా ఇంటికి రెండిళ్ళవతలే వాళ్ళిల్లు, సెవెన్త్ వార్డులో. పొడుగు మనిషి. ఏదైనా నోట్లో పెట్టుకుందంటే కాసేపు మాట్లాడేది కాదు. వండినవాళ్ళు పరీక్ష ఫలితాల కోసం వచ్చినట్టు గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళు.

ఆవిడకి ఒక్కడే తమ్ముడు, ఆల్సీడ్. సెయింట్ బెర్నార్డ్ అవెన్యూలో వాడికో హాలుండేది. ముందు బారు, వెనక వంటిల్లు, మధ్యలో మేం, అంటే బ్యాండు వాళ్ళం. నూమా అంటే నేనే, ట్రాంబోన్ ఊదేవాణ్ణి. అప్పుడు పళ్ళన్నీ ఉండేవిలే. ఆల్సీడ్ చాలా మంచివాడు, ఎవరికైనా కష్టమొస్తే ముందు వాడే వెళ్ళేవాడు. వంట మాత్రం రాదు. రాదని వాడికి తెలీదు. వాళ్ళమ్మ పోయాక ఆవిడ గంబో ఈ భూమ్మీద తనొక్కడికే వచ్చనుకునేవాడు. నువ్వు రొయ్యలెన్ని వెయ్యి, పీతలెన్ని వెయ్యి, ఆ పులుసు రుచంతా రూలోనే ఉంది కదా. రూ అంటే, పిండిని నూనెలో వేసి, పక్కకి కదలకుండా, కాఫీగింజ రంగొచ్చేదాకా తిప్పుతూనే ఉండాలి. మనవాడు కాస్త తిప్పి, బార్లో ఎవరిదో గొంతు వినపడగానే ఇవతలికొచ్చి కబుర్లలో పడేవాడు. అడుగంటేది. ఆ వాసన తెలీకుండా మిరియాల పొడి గుప్పేవాడు. మాకు ఊరికే పెట్టేవాడు గనక మేం నోరు మూసుకుని తినేవాళ్ళం. "ఆకలేసినప్పుడు బానే ఉంటుందిరా" అనేవాడు మా డ్రమ్మర్ థియోఫిల్. వాడసలు ఏదైనా తింటాడు, వాడి సంగతి వద్దులే.

ఏం చెబుతున్నాను? ఆ, పుస్తకం. మా అక్క పుస్తకంలో మన హాలుంది అని ఆల్సీడ్ నెల ముందునించీ వీధంతా చెప్పాడు. అది వచ్చిన రోజు అందర్నీ పిలిచి, బారు చూసే రోజెట్ చేతికిచ్చి గట్టిగా చదవమన్నాడు. చదివింది. "శనివారం ఆల్సీడ్ హాల్లో వాయించే బ్యాండు లాంటిది ఈ ఊళ్ళో ఇంకెక్కడా లేదు." మేం చప్పట్లు కొట్టాం, కొట్టమూ మరి? "భోజనం మాత్రం ఇంకెక్కడైనా చేసి రండి. గంబో మాడుతుంది." పాపం రోజెట్ ఆ చివరి ముక్క మింగేద్దామనే చూసింది గానీ, అప్పటికే సగం బయటికొచ్చేసింది. ఆల్సీడ్ పుస్తకం తీసుకుని, మూసి, సీసాల వెనక పెట్టి లోపలికెళ్ళిపోయాడు.

ఆ శుక్రవారం అక్క వచ్చింది. "ఏంటక్కా ఇది?" అన్నాడు. "ఉన్నదే రాశాను." "నీ సొంత తమ్ముడి గురించా?" "ఊళ్ళో అందరి గురించీ ఉన్నది రాసి, నిన్నొక్కణ్ణీ వదిలేస్తే, మిగతాదంతా ఎవరు నమ్ముతార్రా?" అప్పుడు వీడు, "అది అమ్మ గంబో అక్కా" అన్నాడు. అక్క అక్కడితో ఆగుంటే బావుండేది. ఆగలేదు. "అమ్మ గంబో ఎప్పుడూ మాడలేదు ఆల్సీడ్" అంది. అంతే. ఆ తర్వాత ఏళ్ళతరబడి వాడు ఆవిడతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆవిడ రావడం మాత్రం మానలేదు. ప్రతి శుక్రవారం వచ్చి గంబో అడిగేది. వాడే స్వయంగా తెచ్చి ముందు పెట్టి వెళ్ళిపోయేవాడు. ఆవిడ చివరిదాకా తిని, గిన్నె రొట్టెతో తుడుచుకుని మరీ లేచేది. ఎందుకక్కా ఈ శిక్ష అనడిగాను ఓసారి. "శిక్షేంటి నూమా, వాడు వండింది తింటున్నాను. బాలేదన్నాను గానీ తిననన్నానా?" అంది. పుస్తకం మళ్ళీ అచ్చేసేటప్పుడు, ఆ వాక్యం తీసెయ్యమ్మా, ఇద్దరూ ఒకటవుతారు అని మా చర్చి ఫాదర్ కూడా చెప్పి చూశాడు. "మొన్న శుక్రవారం కూడా మాడింది ఫాదర్" అందట. తీయలేదు. మొండిఘటాలు ఇద్దరూ.

తర్వాత ఆల్సీడ్‌కి పక్షవాతమొచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది. వంటిల్లు మూసేద్దామంది రోజెట్. మర్నాడు పొద్దున్నే అక్క వచ్చి, యూనివర్సిటీకి సెలవు పెట్టేశానని చెప్పి ఏప్రన్ కట్టుకుంది. తమ్ముణ్ణి వంటింటి గుమ్మం దగ్గర కూచోబెట్టింది. ఇన్నాళ్ళకి ఈ హాల్లో మంచి గంబో తింటాం అని మేం సంబరపడ్డాం. రూ తిప్పుతుంటే చూడాలి, ఏం రంగు, ఏం వాసన. అంతలో గరిటె పక్కన పెట్టి బార్లోకొచ్చింది. మీ అమ్మకి మోకాలు ఎలా ఉంది అని రోజెట్‌ని అడగడం మొదలెట్టింది. వాసనొచ్చేసింది. "అక్కా, మాడుతోంది" అన్నాను. "తెలుసు" అని, మోకాలు కథంతా విని అప్పుడెళ్ళింది. వండి, గిన్నెలో పోసుకుని, వాడి ముందు కూచుని చెంచాతో పట్టింది. వాడు రెండు చెంచాలు మింగాడు. ఆవిడ మొహం వంక చాలాసేపు చూశాడు. "మిరియాలు చాల్లేదు" అన్నాడు. అక్క లేచెళ్ళి మిరియాలు తెచ్చింది.

వాడున్నన్నాళ్ళూ అలాగే వండింది. పై ఊళ్ళ వాళ్ళు ఆ పుస్తకం పట్టుకునే వచ్చి, గంబో రుచి చూసి, పుస్తకం వంకా ఆవిడ వంకా చూసేవాళ్ళు. "రాశానుగా" అనేది. ఆల్సీడ్ పోయిన రోజు మేం చర్చి నించి శ్మశానం దాకా వాయిస్తూ నడిచాం. హాలుకి తిరిగొచ్చేసరికి వీధి వీధంతా వంటలు తెచ్చి పెట్టారు, ఎర్ర బీన్సూ, పీతల వేపుడూ, రొట్టె పుడ్డింగూ, చోటు లేదనుకో. గంబో మాత్రం ఎవరూ తేలేదు. ఒకళ్ళతో ఒకళ్ళు అనుకున్నది కూడా కాదు, ఆ హాల్లో గంబో అంటే వాడిదే. అక్క బల్ల ఈ చివర నించి ఆ చివరిదాకా ఒకసారి చూసుకుని, కూచుని...

నీ బస్సు ఎన్నింటికన్నావు?