రైబర్న్‌ల కంచె లోపల

మింగు వదినా. నోట్లోనే పెట్టుకుని కూర్చుంటావేం? పొద్దున ఓట్స్ జావ కూడా ఇలాగే బుగ్గన పెట్టుకుని కూర్చున్నావు. నాకు వేరే పనుల్లేవనుకున్నావా? పొయ్యిలోకి కట్టెలు లేవు. ఈ గాలికి కోళ్ళగూడు రేకు లేచిపోయేట్టుంది. కాసేపట్లో పాస్టరుగారు కూడా వస్తారు.

ఆఁ, అలా. గొర్రెమాంసం చారు. ముక్కలు మెత్తగా చిదిమి పోశాను, గొంతుకేమీ అడ్డం పడదు. ఇదే చారు ఒకప్పుడు నీ ముందు పెడితే చెంచా ముంచి, మొహం చిట్లించి, "ఇందులో దీవిపిల్ల చెయ్యి పెట్టిందా?" అనేదానివి. పని కోసం దీవి నుంచి వచ్చినదాన్ని కదా. ఇప్పుడు ఆ చేత్తోనే తింటున్నావు. తింటావు మరి. ఇంకెవరున్నారు పెట్టడానికి?

అలా చూడకు. "నువ్వు" అంటున్నాననేగా? ఇన్నేళ్ళూ "మీరు" అన్నాను, "దొరసానమ్మా" అన్నాను. నీ తమ్ముణ్ణి పెళ్ళి చేసుకున్నాక ఒక్కసారి, భోజనాల గదిలో అందరి ముందూ "వదినా" అని పిలిచాను. నువ్వు గ్లాసు కింద పెట్టి, "కాలిన్, నీ పనిమనిషికి భాష సరిగ్గా రాదు, నేర్పించు" అన్నావు.

కాలిన్ ఏమన్నాడు? రొట్టెకి వెన్న రాసుకున్నాడు.

పక్షవాతం వచ్చి నీకు మాట పడిపోయాక, నేనొచ్చిన రోజు నుంచీ వదినా అనే అంటున్నాను. రోజంతా అంటున్నాను. నీకు దుప్పటి కప్పుతూ అంటాను, పక్క తడిపితే మారుస్తూ అంటాను. ఎలా ఉంది? బాగుందా?

పట్నంలో ఏమనుకుంటున్నారో తెలుసా? ఎల్విరా మనసు బంగారం, చేపల ఫ్యాక్టరీలో పని మానుకుని మరీ వచ్చి, తనని అంత హీనంగా చూసిన ఆ ముసలిదానికి చాకిరీ చేస్తోంది, ఇంకొకళ్ళయితే చేస్తారా అనుకుంటున్నారు. చర్చిలో ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

అనుకోనీ. నేనెందుకొచ్చానో వాళ్ళకెందుకు?

మీ నాన్న డంకన్ దొర పేరు చెబితే ఇప్పటికీ జనం టోపీ తీస్తారు. పుంతా అరేనాస్ పట్నంలో వీధికి ఆయన పేరు, ఆస్పత్రిలో ఒక వార్డుకి ఆయన పేరు. ప్రతి క్రిస్మస్‌కీ మీ అందర్నీ కూర్చోబెట్టి ఒకటే కథ చెప్పేవాడు. స్కాట్లండ్ నుంచి ఒక కర్రా రెండు కుక్కలూ పట్టుకుని వచ్చాడట, ఎవరివో గొర్రెలు కాశాడట, చుట్టూ ఎంత దూరం గుర్రమెక్కి పోయినా మనిషన్నవాడు లేడట, అంతా ఖాళీ నేలట. నేను గోడ పక్కన గిన్నెలు పట్టుకుని నిలబడి ఆ కథ ఏటేటా విన్నాను.

వంటింట్లో ముసలి కాపరులు వేరే కథ చెప్పుకునేవాళ్ళు వదినా. ఖాళీగా ఏమీ లేదని, తుపాకులతో ఖాళీ చేశారని. అందులో ఒకాయన చెబుతూ చెబుతూ తన చేతులు చూసుకునేవాడు.

ఆఁ, కోపమొస్తోంది. ఎడమ కన్ను ఎర్రబడింది. మీ నాన్నని అంటే చాలు, నీకు ప్రాణం లేచొస్తుంది. తిను.

ఆ గుట్ట మీద కంచె వేయించింది కూడా ఆయనే కదూ? గ్లాస్గో నుంచి ఓడలో తెప్పించిన ఇనప కంచె. లోపల రైబర్న్‌లు మాత్రమే. మీ అమ్మ ఉంది, మీ నాన్న ఉన్నాడు. మీ అన్న హెక్టర్ ఎక్కడో యుద్ధంలో విమానంతో పాటు సముద్రంలో పడిపోతే, ఆయనకీ ఒక రాయి నిలబెట్టారు. కింద ఏమీ లేదు, వట్టి మట్టి. లేని మనిషికి కూడా చోటిచ్చారు.

మీ నాన్న పక్కన చోటు మాత్రం నీదేనన్నావు. చిన్నప్పుడే అడిగి పుచ్చుకున్నానని గొప్పగా చెప్పేదానివి. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, అదొక్కటే నీ ఆస్తి.

పెళ్ళంటే గుర్తొచ్చింది. స్టీపే. ఉలిక్కిపడతావేం? ఆ పేరు ఈ ఇంట్లో విని ఎన్నేళ్ళయిందో. క్రొయేషియా వాళ్ళ కొట్టబ్బాయి. ఉన్ని కత్తిరింపులు అయిపోయిన పండగనాడు షెడ్డులో నీతో నాట్యం చేశాడు. మళ్ళీ మళ్ళీ నిన్నే అడిగాడు. మర్నాడు వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని, మంచి కోటు తొడుక్కుని వచ్చాడు. మీ నాన్న వాళ్ళని గుమ్మంలోనే నిలబెట్టి, "సామాన్లేమైనా తెచ్చారా? అయితే వెనక తలుపు నుంచి రండి" అన్నాడు.

ఆ రోజు నువ్వు పిండి బస్తాల గదిలో కూర్చుని ఏడ్చావు. నేను పిండి కోసం వచ్చాను. చిన్నదాన్ని, ఏం చెయ్యాలో తెలియక నా ఏప్రన్ ఇచ్చాను కళ్ళు తుడుచుకోమని. తుడుచుకున్నావు. నీ ఏడుపు చూసినదాన్ని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. అందుకే నన్ను కాల్చుకు తిన్నావనుకుంటాను.

లేకపోతే ఇంకేం చేశాను నీకు? కాలిన్ తనంతట తనే వంటింట్లోకి వచ్చేవాడు. పొయ్యి దగ్గర కూర్చుని, మాతోపాటు మాటే అనే ఆకుల టీ తాగుతూ, గాలి తగ్గిందా, వాన పడేట్టుందా అంటూ ఏదో ఒకటి మాట్లాడేవాడు. పైన ఆ పెద్ద గదుల్లో ఆయనకి చలేసేదట. మీ నాన్న పోయాక పట్నం వెళ్ళి సంతకాలు పెట్టి పెళ్ళి చేసుకున్నాం. తిరిగొచ్చేసరికి మా సామాను ఉన్ని కత్తిరించేవాళ్ళ పాకల వరసలో ఉంది. "నాన్నగారు ఒప్పుకోరు" అన్నావు. చచ్చిపోయినాయన ఒప్పుకోడట.

సరే, పాకలోనే ఉన్నాం. అక్కడే పుట్టింది పిల్ల. కాలిన్ మీ అమ్మ పేరు పెట్టాడు, ఇసొబెల్ అని. నువ్వు గుమ్మం దాకా వచ్చి తొంగిచూసి, "ఆ పేరు వంటింట్లో పిలవడానికి కాదు" అని వెళ్ళిపోయావు. నేను చబేలా అని పిలుచుకునేదాన్ని. నువ్వు మాత్రం ఎప్పుడూ "ఆ పిల్ల" అనేదానివి. ఆ పిల్లకి నీ ముక్కే వచ్చింది, తెలుసా? నీ నడకే. కొంగలాగ మెడ ఎత్తి నడిచేది. కాపరులు నవ్వేవాళ్ళు, "చిన్న ఫ్లోరా దొరసాని వస్తోంది" అని. అది నీ చెవిన పడింది. ఆ కాపరులకి మర్నాడు పని లేదు.

ఇంకో రెండు చెంచాలు. తల తిప్పుకోకు. నేను చెప్పేదాకా తిప్పుకోకు.

గొంతులో పుండు లేచింది పిల్లకి. గొంతు లోపలంతా తెల్లటి పొర. ఊపిరి తీస్తుంటే రంపం కోసినట్టు చప్పుడు. కాలిన్ ఎక్కడో దూరపు మేతల మీద ఉన్నాడు. ఇంట్లో ఒకటే లారీ. నేను పిల్లని దుప్పట్లో చుట్టుకుని పరిగెత్తుకొచ్చాను. లారీ ముంగిట్లోనే ఉంది, ఇంజను ఆడుతోంది. వెనక నీ పొట్టేళ్ళు, ప్రదర్శనకి వెళ్ళే పొట్టేళ్ళు, మెడకి నీలం రిబ్బన్లతో.

"దొరసానమ్మా, పిల్లని డాక్టరు దగ్గరికి" అన్నాను.

"చలి తగిలింది, అంతే. మీ దీవి వాళ్ళు ఊరికే హడావిడి చేస్తారు" అన్నావు.

"ముందు కూర్చుంటాను, కింద కూర్చుంటాను, వెనక పొట్టేళ్ళ మధ్య కూర్చుంటాను" అన్నాను.

"అంటు జబ్బయితే? నా జంతువులకి అంటుకుంటే?" అన్నావు. తర్వాత డ్రైవరు వైపు తిరిగి, "ఇంకా చూస్తావేం?" అన్నావు.

నేను ఆ మాటలు మర్చిపోతానేమోనని అప్పుడప్పుడు పైకి అనుకుంటూ ఉండేదాన్ని. ఫ్యాక్టరీలో చేపలు కోస్తూ కోస్తూ. "ఇంకా చూస్తావేం." పక్కవాళ్ళు నాకు పిచ్చనుకునేవాళ్ళు.

లారీ తిరిగొచ్చేసరికి పిల్ల లేదు. నీ పొట్టేలికి మొదటి బహుమతి వచ్చింది.

కాలిన్ గుట్ట మీద తవ్వడానికి వెళ్ళాడు. పార పట్టుకుని కంచె తలుపు దాకా వెళ్ళాడు. నువ్వు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని నిలబడ్డావు. "లోపల రైబర్న్‌లకి, కాలిన్." గట్టిగా కూడా అనలేదు.

ఆయన నిన్ను తోసేసి ఉండచ్చు. మగవాడు, చేతిలో పార ఉంది. తోయలేదు. కంచె బయట, గాలి తగిలే వైపు తవ్వాడు. ఆ రోజు నుంచి తాగడం మొదలుపెట్టాడు, చచ్చేదాకా మానలేదు. చచ్చాక మాత్రం నువ్వొచ్చి తీసుకుపోయావు, లోపల పెట్టించావు. నన్ను కంచె బయట నిలబెట్టి ప్రార్థన చదివించావు. నేను మూట కట్టుకుని పట్నం పోయి ఫ్యాక్టరీలో చేరాను.

ఆ తర్వాత ప్రభుత్వం వచ్చింది, భూమి తీసుకుంది, గొర్రెల్ని పంచింది. ఈ ఇల్లూ ఆ గుట్టా వదిలేసింది. పనివాళ్ళు ఒక్కొక్కళ్ళూ పోయారు. నువ్వు ఒక్కదానివే అన్ని గదుల్లో తిరుగుతూ, ఒక రోజు పక్షవాతం వచ్చి మెట్ల మీద పడ్డావు.

అప్పుడొచ్చాను నేను.

ఇక విను. మొన్న నువ్వు మందు వేసుకుని పడుకున్నప్పుడు మా అక్క కొడుకులిద్దరూ వచ్చారు. గుట్ట మీద పనుందని పిలిచాను. సమాధి మార్చాలంటే మునిసిపాలిటీ వాళ్ళు కుటుంబంలో ఒకరి సంతకం కావాలన్నారు. కుటుంబంలో ఎవరున్నారు? నీకు చెయ్యి ఆడదు. గుమాస్తా రిజిస్టర్లు తిరగేసి, "సంతకం పెట్టవలసింది మీరేనమ్మా, ఆవిడా మీరూ తప్ప రైబర్న్ అనే పేరున్నవాళ్ళు ఈ ప్రాంతంలో లేరు" అన్నాడు. కుర్చీ వేశాడు. పెన్ను మూత తీసి ఇచ్చాడు.

నువ్వు అంత కాపలా కాసిన పేరు ఇప్పుడు ఎవరి దగ్గరుందో చూశావా? అంట్లు తోముకునే దీవిదాని గుర్తింపు కార్డు మీద ఉంది. నాతోనే పోతుంది.

చబేలాని లోపలికి తెచ్చాను వదినా. మీ నాన్న పక్కన పెట్టించాను. అవును, ఆ చోటే. రాయి కూడా వచ్చింది, "ఇసొబెల్ రైబర్న్" అని చెక్కించాను. ఇక ఆ కంచె లోపల నాకు తప్ప చోటు లేదు, కాలిన్ పక్కన. నీకు బయట. గాలి తగిలే వైపు. పిల్లని తీసిన గొయ్యి పూడ్చద్దని చెప్పాను, మళ్ళీ తవ్వడం దేనికి?

ఊఁ. ఏడు. నేను తుడుస్తాలే.

ఆ చప్పుడు పాస్టరుగారి జీపే. ఆయన నిన్నే అడుగుతానన్నారు, ఈ చోట్ల మార్పు నీకు సమ్మతమేనా అని. మంచివాడు, పద్ధతి తప్పడు. నీకు తెలివి ఉందని ఆయనకి తెలుసు. ఒకసారి కన్ను మూస్తే ఔనని, రెండుసార్లు మూస్తే కాదని మనిద్దరం పెట్టుకున్నాం కదా? నువ్వు రెండుసార్లు మూస్తావు, గట్టిగా మూస్తావు. ఆయన నావైపు తిరిగి, దానికి అర్థమేమిటమ్మా అని అడుగుతాడు.

నేను చెబుతాను.

ఒక్క మాట మాత్రం నిజం చెప్పాలి నీకు. ఇంకెవరికి చెప్పుకుంటాను? పిల్ల పెట్టె చేతుల్లోకి తీసుకున్నప్పుడు బరువే లేదు. నేనే మోసుకెళ్ళాను. ఇన్నేళ్ళకి నా గుండె చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు. మట్టి కప్పాక చుట్టూ చూశాను. ఒక పక్క దాని మొహం ఎన్నడూ చూడని తాత. ఇంకో పక్క దాని కోసం ఒక్క మాట అనలేని తండ్రి. బయట ఉన్నన్నాళ్ళూ గడ్డి ఉండేది, పిట్టలు వాలేవి. తీసుకెళ్ళి వీళ్ళ మధ్య పడుకోబెట్టానేమిటి అనిపించింది.

అనిపిస్తే అనిపించింది. మార్చను.