రెండు బూట్ల మీద ఒక గుర్రం

రెండు వేల పంతొమ్మిది, ఎండాకాలం. బదిలీ మీద ఊరికి కొత్తగా వచ్చిన బస్సు డ్రైవరు టీ కొట్టు బల్ల మీద ఒక జత తెల్ల గుడ్డ బూట్లు పెట్టాడు. మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మాయికి పరుగు పందెం ఉందని, మొదటి ముగ్గురిని క్రీడా హాస్టల్లో చేర్చుకుంటారని, ఆ బూట్ల మీద మంచి బొమ్మ వేసిపెట్టమని అడిగాడు. నేను నలభై ఏళ్ళు బోర్డులు రాసినవాణ్ణి. ఊళ్ళో సగం షట్టర్ల మీద అక్షరాలు నావే. ఎనామిల్ రంగు డబ్బా మూత చెంచా కాడతో లేపుతూ మొదలుపెట్టాను.

“అడగాల్సినవాణ్ణే అడిగావు తమ్ముడూ. రెండేళ్ళ కింద ఇదే పందెం కోసం నా మనవరాలి బూట్ల మీద గుర్రం వేశాను. అందరిలా బూటుకో గుర్రం కాదు. ఎడమ బూటు మీద తల, ముందుకాళ్ళు. కుడి బూటు మీద వెనకకాళ్ళు, తోక. పిల్ల పాదాలు దగ్గర పెడితేనే గుర్రం. అడుగు వేసిందా, పాపం అది రెండు ముక్కలు. మరి తల ఊరుకుంటుందా, ఒంటిని వెతుక్కోదూ? తోక మాత్రం ఊరుకుంటుందా? ఆ తర్వాత ఏమై ఉంటుందో చెప్పు చూద్దాం.”

పక్కనే గోనెపట్టా మీద కూర్చుని చెప్పుకి మేకు కొడుతున్న మా బావ, అంటే నా చెల్లెలి మొగుడు, తల ఎత్తలేదు. సుత్తి మాత్రం ఒక దెబ్బ గట్టిగా పడింది.

“రంగు ఆరాలని గూట్లో పెట్టాను. తెల్లారి చూస్తే గుమ్మం దగ్గరున్నాయి. పిల్లి లాగిందేమో అనుకుని మర్నాడు లేసులు మంచం కోడుకి కట్టాను. లేచి చూద్దును కదా, మంచం వీధి మలుపులో ఉంది. మంచం మీద మా ఆవిడ ఉంది. నిద్ర కూడా చెడలేదు.”

“అక్క నాకెప్పుడూ చెప్పలేదే,” అంది టీ కొట్టావిడ.

“నిద్రపోయిన మనిషి ఏం చెబుతుంది?”

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. ఆ సుత్తి కాస్త ఆపమన్నాను, కథ వినపడటం లేదని. ఆపాడు. ఆపాక ఇంకా ఇబ్బందిగా ఉంది. గొంతు పెంచాను.

“ఇక పందెం. మాస్టారు ఈల ఊదాడు. ఆ చప్పుడు పిల్లల చెవుల్లో పడేలోపల మా పిల్ల సగం మైదానం దాటేసింది. తల వెనక తోక, తోక వెనక తల, ఇక పిల్ల చేసేదేముంది, పైన నిలబడటమే. దాని నీడే దాన్ని అందుకోలేక మలుపు దగ్గర కూలబడింది. గీత దాటాకైనా బూట్లు ఆగితేగా. గోడ దూకి, రైలు పక్కన పరిగెత్తి, రెండు స్టేషన్లు ముందుకెళ్ళి రైలు కోసం కాచుకుని కూర్చున్నాయి. రైలు దిగినవాళ్ళు, ఏమ్మా, ఈ బండి రోజూ ఇంత ఆలస్యమా అని పిల్లనే అడిగారంట. అది తిరిగొచ్చేసరికి మిగతావాళ్ళు ఇంకా పరిగెడుతూనే ఉన్నారు. వాళ్ళతోపాటు ఇంకోసారి గెలిచింది.”

“మరి ఆ అమ్మాయి ఇప్పుడెక్కడ పరిగెడుతోంది?”

డ్రైవరు వేళాకోళానికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేను కుంచె డబ్బాలో ముంచాను.

“ఇక పరిగెత్తొద్దని పెద్దవాళ్ళే బతిమాలారు తమ్ముడూ. మిగతా పిల్లలేమైపోవాలి?”

ఎడమ బూటు చేతిలోకి తీసుకున్నాను. కుంచె కొసన ఎర్ర చుక్క ఊగుతోంది.

“కుంచె పక్కన పెట్టు బావా,” అన్నాడు మా బావ.

తన పనిముట్ల పెట్టె అడుగునుంచి ఒక మూట తీసి విప్పాడు. నా గుర్రం. తల ఉన్న బూటు. ఒక పక్క నిలువునా కత్తిరించి ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని ముందు భాగం వంచబోయాడు. వంగలేదు. ఇంకాస్త నొక్కితే రంగు పగిలి, పెచ్చులు పెచ్చులుగా బల్ల మీద పడింది.

“ఇది షట్టర్లకి వేసే రంగు, గుడ్డకి వేసేది కాదు. మూడు పూతలు వేశావు. వేళ్ళ దగ్గర వంగాల్సిన చోట రేకులా బిగిసిపోయింది. బిగిసింది పగిలింది, పగిలిన అంచు పాదాన్ని కోసింది. పిల్ల మలుపులో పడింది అందుకే. వాచిన కాలికి బూటు రాకపోతే నేనే కత్తిరించి తీశాను.”

పడిందని నాకు తెలుసు. కాలు మడతపడిందని చెప్పింది, నమ్మాను.

“నొప్పెడితే విప్పెయ్యొచ్చుగా,” అన్నాను.

“వాళ్ళ మాస్టారు వేరే జత ఇచ్చాడు. మా తాతయ్య బొమ్మ వేశాడు, విప్పను అంది. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. ఈయన పిల్ల పందెం రేపు కాకపోతే ఇవాళ కూడా చెప్పేవాణ్ణి కాదు.”

టీ కొట్టావిడ స్టవ్ తగ్గించింది. గుర్రం మాత్రం బాగా కుదిరింది కదా అనే మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు. చుక్క రాలకముందే బూటు డ్రైవరు చేతికిచ్చేసి, తెల్లగానే వేసుకోమని అమ్మాయికి చెప్పమన్నాను. కుంచె తుడిచాను. డబ్బాకి మూత పెట్టి అరచేత్తో నొక్కాను.

నా మనవరాలు ఆ పందెంలో పడి లేచి నాలుగోది వచ్చింది. హాస్టల్లోకి ముగ్గురినే తీసుకున్నారు.