ఇరవై రెండో సిట్టింగు

ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర, ఉదయం పది దాటింది. ఊరికే కూర్చుని ఉన్న జంగయ్య, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుంటున్న ఇంద్రాణి కంటబడ్డాడు.

“ఇదేంటంకుల్, ఇక్కడున్నారు? పదింటికి మీకు రేడియేషన్ కదా?”

“ఉండె. మిషిన్ ఖరాబైందంట. పో బిడ్డా, నీకు ల్యాబ్‌కు లేటైతది.”

“నిన్న?”

“నిన్న గూడ ఖరాబే.”

“మొన్న?”

“ఏంది, పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవ్? జర పక్కకు జరుగు, మనుషులు దిగుతున్నరు.”

“ముప్ఫై సిట్టింగుల్లో ఇరవై ఒకటే అయ్యాయి. మధ్యలో ఎందుకు మానేశారు?”

“నువ్వు చెప్పినవనే.”

“నేనా?”

“నువ్వే. మొన్న ఐతారం డాబా మీద ఫోన్ల ఎవరికో చెప్పలే? ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు, ఎంత రేడియేషన్ ఇచ్చినా కొన్ని సావయని. నేను ఆడ్నే బట్టలు ఆరేస్తున్న. నాకున్నది గదే రోగమాయె.”

“అయ్యో! అది... అది మా ల్యాబ్‌లో, గాజు గిన్నెల్లో పెంచే కణాల సంగతండీ.”

“కణాలు కణాలే గద.”

“కాదు, వినండి. రేడియేషన్ క్యాన్సర్ కణంలో డీఎన్ఏని తెంపుతుంది. తెగితే కణం చావాలి. కానీ లోపల మైక్రో ఆర్ఎన్ఏలని చాలా చిన్న ముక్కలుంటాయి. ఏ జన్యువు పని చెయ్యాలో, ఏది ఊరుకోవాలో సర్దేవి అవే. వాటిలో ఒక రకం ఎక్కువైతే, కణం తెగిన చోట మళ్ళీ అతుకేసుకుంటుంది. ఆ ముక్కని ఆపేసి చూశాం. అదే డోసుకి ఆ కణాలే చచ్చిపోయాయి.”

“సచ్చినయా?”

“చాలా వరకు.”

“మరి నాకు గూడ ఆపున్రి!”

“మనుషులకిచ్చే మందు కాలేదింకా. ఏళ్లు పడుతుంది.”

“సరే, గిదన్న చెప్పు. నాయి సచ్చే రకమా, అతుకేసుకునే రకమా?”

“తెలీదు.”

“తెల్వదా? గింత సదివి?”

“మీ కణాలు నేను చూళ్లేదంకుల్. చూసినా గట్టిగా చెప్పలేను. కానీ సగంలో ఆపేస్తే, చచ్చే రకం కూడా బతికిపోతాయి.”

“నేను ఆపింది నీ మాటకు కాదు బిడ్డా. గొంతుల నిప్పులు పోసినట్టుంది. మంచినీళ్లు గూడ దిగుతలెవ్వు. గా రూముల నన్నొక్కణ్నే పండవెట్టి తలుపేస్తరు. ఆగనీకి ఏదన్న ఒక సాకు కావాలె. నీ మాట దొరికె, పట్టుకున్న.”

“గొంతు నొప్పి డాక్టరుగారికి చెప్పారా? దానికి మందులున్నాయి.”

“చెప్పలే.”

“పోనీ, ఆంటీకి?”

“అండాలమ్మకా? వద్దు, వద్దు! నాలుగు దినాల సంది దవాఖానకే పోతున్ననుకుంటుంది పాపం. పొద్దుగాల్నే లేచి జావ కాస్తది. దానికి చెప్పనని ఒట్టెయ్యి. ఎయ్యి బిడ్డా!”

“నేను చెప్పక్కర్లేదంకుల్. ఈ నాలుగు రోజులూ మీ వెనక బస్సులోనే వచ్చి, అదిగో, ఆ మెట్రో పిల్లర్ చాటున మీరు లేచేదాకా నిలబడే ఉన్నారావిడ. పదకొండున్నరకి తీసుకొస్తామని దవాఖానకి ఫోన్ చేసి, ఇవాళ నన్ను వెంటబెట్టుకొచ్చింది కూడా ఆవిడే.”