పీకేసిన గురుగాకు

అలో… ఆ, నేనే మామా, ఉదయలక్ష్మిని. పూతలపట్టులో బస్సు దిగినాము. ఆటో కోసం నిలబడుండాము… ఆ, మీ అమ్మ పక్కనే ఉండాది. ఆసుపత్రోళ్లు ఇంటికి పొమ్మన్నారు గానీ, నోట్లో మెతుకు పెట్టదే! జ్వరానికి నోరు చెడిపోయిందంట. మన పెరట్లో గురుగాకు పుల్లగూర, సంగటి అయితేనే తింటాదంట…

ఏందీ? మళ్లా చెప్పు…

పెరడు శుభ్రం చేసినావా? ఎవురు చెయ్యమన్నారు?… అమ్మొస్తాదనా… పిచ్చిచెట్లంతా పీకేసినావా!

ఆగాగు. గోడపక్క తెల్లకంకులు పూసుంటాది, అది?… పీకినావు. అదే గురుగాకు, నా సామీ! తొట్టికాడ కూరకని వదిలిన దొగ్గలాకు?… అదీ పాయె. వేర్లతోనా?… కొన గిల్లుకోవాల గానీ వేరు ముట్టగూడదని మనూర్లో పాలుతాగే బిడ్డను అడిగినా చెప్తాదే!

…ఏం లేదత్తా. పెరడు అద్దం మాదిరి ఉండాదంట.

మామా, యాడ పారేసినావు? దిబ్బలోనైనా ఏరి కడిగి— ఎవురు? పక్కింటి చౌడేశ్వరక్కా? 'నేను పారేస్తాలే తమ్ముడూ' అనిందా? కొంగులో మూటగట్టుకోని పోయిందా!… నువ్వు మళ్లా ఆమెకు దండం గూడా పెట్టినావా?

మహాతల్లి! పచ్చంగా కనపడితే సాలు, కొంగు పరిచేస్తాది. మన మునక్కాయలు మాయమైనప్పుడే అనుకున్న్యా… ఉన్న మాటంటే ఉలుకెందుకు? ఆ సూపే దొంగసూపు… ఏంది మామా, ఊరికే దగ్గుతావు? నీ మాట బాయిలోనుంచి వచ్చినట్టుండాదేంది?… చేతులకు మన్నా. సరే.

ఇను. గిన్నె తీసుకోని వాళ్లింటికి పో. సిగ్గుపడబాక. అమ్మ నాలుగు ముద్దలు తినాల, నాకంతే… 

ఏందీ? ఆమే వచ్చిందా? గిన్నెతోనా?… 'పెద్దమ్మ ఈపొద్దు వస్తాదని తెలుసు, ఆకు వాడిపోకముందే పుల్లగూర ఎనిపి తెచ్చినా' అనిందా…

అయ్యో. నా కడుపు నిండిపోయింది మామా. ఎంత మంచి మనిషి! నేనెప్పుడూ అనేది అదే గదా…

ఎంతసేపట్నుంచి ఉండాది ఆడ?… మునక్కాయల మాటకు ముందేనా?… ఫోను యాడ పెట్టినావు నువ్వు?… తొట్టిగట్టు మీద… స్పీకర్లోనా!

…అక్కా! బాగుండావా అక్కా?… ఏ మునక్కాయలక్కా?… అలో… అలో? ఈడ టవరు లేదక్కా, ఏం వినపడ్లే…

అత్తా, నువ్వు నవ్వబాక… ఫోను లాక్కోబాక… టవరు ఉండాదని చెప్పబాకత్తా—